బెజవాడ కుర్చీకి పెడన చొక్కా

నలుపు తెలుపు చిత్రాల్లో ఎస్వీ రంగారావు కుర్చీలో వెనక్కి వాలి ఓ హుంకారం వదిలితే హాలంతా నిశ్శబ్దం! ఆయన సరే, ఆ కుర్చీని ఎప్పుడైనా చూశారా? వెడల్పాటి చేతులు, వాలు వీపు, టేకు కాళ్ళు. రంగారావు పుట్టిన నూజివీడు మొదలుకుని దివిసీమ దాకా పాత మండువా ఇళ్ళలో అలాంటివి ఇంకా కనిపిస్తాయి. ఇంట్లో పెళ్ళికి కొత్త సోఫా రాగానే తాతగారి కుర్చీ పాతసామాన్ల బండి ఎక్కుతుంది. అదీ తూకానికి!

1950లలో చండీగఢ్ ఆఫీసుల కోసం పియరీ జనరే చేయించిన టేకు, పేము కుర్చీలకూ ఇదే గతి పట్టింది. తుక్కు కింద అమ్మేశారు. తర్వాత విదేశీ వేలంపాటల్లో అవి లక్షలు పలికాయి. మన తాతగారి కుర్చీకి అంత రాదు లెండి, చేసిన వడ్రంగి పేరెవరికీ తెలీదు కదా! కానీ కూర్చోడానికి పేరెందుకు?

బెజవాడలో కుర్చీలు బాగుచేసేవాళ్ళు ముందు పాత రెక్సిన్ విప్పుతారు. లోపల గోనెపట్టా, పీచు, తుప్పుపట్టిన స్ప్రింగులు. నవారు మార్చి, స్ప్రింగుల్ని పురికొసతో బిగించి, పైన కొత్త పీచు, దూది పరుస్తారు. చవక ఫోమ్ వద్దనండి, త్వరగా కుంగిపోతుంది. చెక్కని అద్దంలా మెరిపించమని కూడా అడక్కండి, వయసు కనపడితేనే అందం.

ఇక పైబట్ట. దానికి మాత్రం బందరు రోడ్డెక్కాల్సిందే. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి వెళితే బందరు పక్కనే పెడన. కలంకారీ అద్దకం ఊరు. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద అచ్చులు కొడతారు. ఆ అచ్చులూ టేకువే! ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు నలుపు. పటిక కొట్టినచోట ఎరుపు అప్పుడే కనపడదు. పారే నీళ్ళలో ఉతికి, రంగునిచ్చే వేళ్ళూ చెక్కలతో మరిగిస్తే తేలుతుంది. అచ్చం లాబ్‌లో ఫిల్ము కడిగినట్టే!

చిక్కల్లా మిషను ప్రింటుతో. అదే పువ్వు, అగ్గువ ధర. చేతి అచ్చు ఎలా పోల్చుకోవాలంటారా? అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు చూడండి. ఎక్కడో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మిషను ఆ తేడా రానివ్వదు. చేతి బట్టకి ధర ఎక్కువే, పని చూస్తే బేరమాడ బుద్ధి కాదు.

కలంకారీ బట్ట పల్చన గనుక కింద గట్టి ఖద్దరు వేయించండి. కుర్చీని ఎండలో పెట్టకండి. కొలతలు రాసుకుని వెళ్ళండి, ఓ అరమీటరు ఎక్కువే కొనండి. వీపు మధ్య పువ్వు సరిగ్గా పడాలంటే ఆ మాత్రం కావాలి మరి!