వెనుక వచ్చిన కొమ్ములు

"ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి" అను సామెతను మనమందరము చిన్ననాటి నుండి వినుచున్నాము. శిష్యుడు గురువును మించినపుడు, కొడుకు తండ్రిని మించినపుడు ఈ మాటను మెచ్చుకోలుగా వాడుట కలదు. కాని మేము దీనిని మరువలేని విధముగా విన్నది 2011లో, మా నాన్నగారి నోట.

అప్పుడు మేము అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదువుచు, సెలవులకు హిందూపురము వచ్చియుంటిమి. నాన్నగారు అప్పటికి ముప్పది ఏండ్లుగా ఒక రీలింగు షెడ్డులో పనిచేయుచుండిరి. ఉడికిన పట్టుగూళ్ల కొసలు పట్టి దారము తీయుట ఆయన పని. వేడినీటిలో నాని నాని ఆయన వ్రేళ్లు ఎల్లప్పుడును తెల్లబడి ముడుతలు పడియుండెడివి. ఆ వ్రేళ్లే మమ్ములను చదివించినవి.

ఆ సంవత్సరము కేంద్ర బడ్జెటులో ముడిపట్టుపై దిగుమతి సుంకమును 30 శాతము నుండి 5 శాతమునకు తగ్గించిరి. చీనా పట్టు చౌక అయినది. మన పట్టుగూళ్ల ధర పడిపోయి రైతు దిగులుపడినాడు. దారము తీయు షెడ్లలోను పని సన్నగిల్లినది. నాన్నగారి యజమాని కొన్ని బేసిన్లు ఆపివేసినారు. ఒక ఉదయము ఆయన నాన్నగారిని పిలిచి, "భాయ్, మీ కండ్లు, చేతులు నిదానించినవి. ఇకమీదట గూళ్లు ఏరే పని చూచుకోండి. మిమ్ములను పొమ్మనుట లేదు" అన్నారట. ఏరుడు పనికి కూలి సగమే. నాన్నగారు కూర్చున్న చోట, ఆయనయే పని నేర్పిన పిల్లవాడు కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నము తినుచు నాన్నగారు ఆ సామెత చెప్పి నవ్వినారు. అమ్మ నవ్వలేదు.

"మరి మీరేమన్నారు?" అని అడిగితిమి.

"ఏమంటాను బేటా? పొమ్మనలేదు గదా!" అన్నారు.

ఆ యజమాని దుర్మార్గుడు కాడు. ప్రతి రంజాను పండుగకు మా ఇంటికి బట్టలు పంపినవాడు. తనకు చేతనైనంత దయ చూపినాడనియే నేటికిని మా నమ్మకము. అయినను "పొమ్మనలేదు" అను ఆ ఒక్క మాట మమ్ములను విడువలేదు. గడ్డుకాలము వచ్చినపుడు వయసు మీరిన పనివాని బ్రతుకు యజమాని దయపై ఆధారపడవలసినదా, లేక వ్రాసియుంచిన నియమముపై ఆధారపడవలసినదా? మేము తరువాత చదివినదియు, చూచినదియు ఈ ప్రశ్న చుట్టే తిరిగినది.

చట్టము మన సామెతను తలక్రిందులు చేసినదని మాకు అప్పుడే తెలిసినది. అప్పుడు అమలులోనుండిన 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము, పని తగ్గి మనుషులను తగ్గించవలసి వచ్చినపుడు సాధారణముగా చివర చేరినవానినే మొదట పంపవలసియుండెను. వెనుక వచ్చిన కొమ్ములే ముందు పోవలెనన్న మాట! ఏడాదికి పైబడి పనిచేసినవానిని తొలగించినచో నెలరోజుల నోటీసును, పనిచేసిన ప్రతి ఏటికి పదిహేను దినముల వేతనమును ఇయ్యవలెను. కూలి తగ్గించదలచినను 21 దినముల ముందుగా తెలుపవలెను. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము కూడ ఏటికి పదిహేను దినముల లెక్కనే చెప్పినది. ముప్పది ఏండ్లకు 450 దినముల వేతనము! మేము కాగితముపై ఆ లెక్క వేసి నాన్నగారికి చూపితిమి. ఆయన చూచి, మడిచి, జేబులో పెట్టుకొనిరి. ఆ గ్రాట్యుటీ చట్టము వర్తించుటకు పదిమంది పనివారుండవలసియుండెను. ఆ షెడ్డులో ఎప్పుడు లెక్కించినను పదిమంది కాలేదు. తక్కిన హక్కులు కోరుటకు పని చేసినట్లు ఋజువు కావలెను. నాన్నగారి పేరు ఏ హాజరుపుస్తకములోను లేదు. చట్టము ఉన్నది, దానిని అందుకొనుటకు కాగితము లేదు.

సెలవులు ముగిసి విశ్వవిద్యాలయమునకు తిరిగి పోవుచున్నపుడు రైలు పెనుకొండ, ధర్మవరముల మీదుగా పోయినది. ఆ దారిని ఎన్నోమారులు పోయినను, ఆ ఊళ్లలో ముసలి పనివారు ఏమగుచున్నారని అంతకుముందు ఎన్నడును ఆలోచించియుండలేదు.

ధర్మవరములో మగ్గము ఇంటిలోనే ఉండును. పట్టును, జరీని షావుకారు ఇచ్చును. నేతగాడు చీర నేసి కూలి తెచ్చుకొనును. బేరములు పడిపోయిన కాలములో షావుకారు ఎవరినీ తొలగించడు. కొత్త పడుగు ఇచ్చుట ఆలస్యము చేయును, అంతే. ఆ కొద్దిపాటి పని చూపు చురుకుగా ఉన్న చేతికి పోవును. ముసలి నేతగాడు గుంటలో నుండి లేచి కండెలు చుట్టుటకో, పోగులు అతుకుటకో కూర్చుండును. 2020 ఏప్రిలులో, కరోనా కాలమున, కేంద్ర ప్రభుత్వము పనిచోట్లకు ఇచ్చిన మార్గదర్శకములలో 65 ఏండ్లు దాటినవారిని ఇంటి నుండియే పనిచేయునట్లు ప్రోత్సహించవలెనని ఉండెను. ధర్మవరము వృద్ధులు పుట్టినది మొదలు ఇంటి నుండియే పనిచేయుచున్నారు. వారికి కొరవడినది ఇల్లు కాదు, పని.

అయితే వారి విషయమున ప్రభుత్వము ఒక మంచి నియమము చేసినది. మన రాష్ట్రములో సామాన్యులకు వృద్ధాప్య పింఛను వయసు 60 కాగా, నేత కార్మికులకు 50. గుంటలో కూర్చుండు వానికి ముసలితనము పదేండ్లు ముందే వచ్చునని అంగీకరించిన నియమమిది. 2024లో ఈ పింఛను నెలకు 4,000 రూపాయలైనది. 2019 డిసెంబరులో ధర్మవరములోనే ప్రారంభించిన నేతన్న నేస్తము పథకము ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చినను, అది సొంత మగ్గమున్న కుటుంబములకే. పరుల మగ్గముపై కూలికి నేయు ముసలివాడు దాని వెలుపలనే ఉండిపోయినాడు.

ఇక పెనుకొండ సంగతి. 2019 డిసెంబరులో ఊరికి చేరువనున్న ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారమునకు లాంఛనముగా ప్రారంభోత్సవము జరిగినది. మన విద్యార్థులెందరో అటువైపు ఆశతో చూచినారు. రెండు నెలలు తిరుగకముందే, 2020 జనవరి 31న, దేశమంతటను బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ నుండి 50 ఏండ్లు దాటిన ఉద్యోగులు 78 వేలమందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ పొందిరి. నష్టములలోనున్న ఆ సంస్థ, చేసిన ప్రతి ఏటికి 35 దినముల వేతనమును, మిగిలియున్న ప్రతి ఏటికి 25 దినముల వేతనమును లెక్కగట్టి పరిహారముగా ఇచ్చినది. అట్లు విరమించిన పెద్దమనిషి ఒకరు పెనుకొండ బాబయ్య దర్గా వద్ద మాకు తటస్థపడినారు. "స్వచ్ఛందమే సార్. కాని జీతము నెలల తరబడి ఆలస్యమైనపుడు మనసు స్వచ్ఛముగా ఉండదు" అన్నారు. అయినను ఆయన చేతిలో ఒక లెక్క ఉన్నది. మా నాన్నగారి చేతిలో లేనిది అదియే.

ప్రభుత్వమే యజమాని అయినపుడు సైతము ఈ చిక్కు తప్పలేదు. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము ఉద్యోగుల విరమణ వయసును 58 నుండి 55కు తగ్గించినది. చదువుకొన్న నిరుద్యోగులకు చోటు కల్పించుట దాని ఉద్దేశము. ఆ రామారావు గారే తరువాత మూడుమారులు మన హిందూపురము నుండి శాసనసభకు ఎన్నికైనారు. వేలాది ఉద్యోగులు ఒక్కనాటితో ఇండ్లకు చేరిరి. 1984 ఆగస్టులో వయసు మరల 58 అయినది. తగ్గింపు చెల్లునని సుప్రీంకోర్టు 1985లో చెప్పినను, నడుమ విరమించినవారికి మేలు దక్కవలెనని అదే ఏట మరియొక తీర్పులో చెప్పినది. 2014లో వయసు 60 అయినది. 2022లో 62 అయినది; దానితో విరమణనాడు చెల్లించవలసిన సొమ్ము కూడ రెండేండ్లు వెనుకకు జరిగినది. అనగా గడ్డుకాలములో పెద్దలను పంపుటకును కారణము దొరకును, ఉంచుటకును కారణము దొరకును.

ఇచ్చట మా లోపమును దాచము. 2014లో మేము ఎం.ఏ. పట్టా చేతబట్టుకొని ఉద్యోగమునకై తిరుగుచుంటిమి. విరమణ వయసు పెరిగినదను వార్త చదివి, "ఈ ముసలివారు ఎప్పుడు కదులుదురు?" అని ఇంటిలో బిగ్గరగా విసుగుకొంటిమి. నాన్నగారు ఆ ప్రక్కనే కూర్చుండి, షెడ్డుకు పోవుటకై చెప్పులు తొడుగుకొనుచుండిరి. ఏమియు అనలేదు. మూడేండ్ల క్రిందట ఆయన చోట కూర్చున్న ఆ పిల్లవానికిని మాకును తేడా లేదని ఆనాడు తెలిసినది. వానికిని ఒక ఇల్లున్నది, ఆకలి ఉన్నది. తప్పు కొమ్ములదియు కాదు, చెవులదియు కాదు. కష్టకాలపు భారమును ఎవరెవరు ఎంతెంత మోయవలెనో ముందుగా వ్రాసియుంచకపోవుటయే తప్పు. వ్రాయనప్పుడు ఆ భారము నోరులేని వానిపై పడును.

2025 నవంబరు 21 నుండి కొత్త శ్రామిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. ప్రతి పనివానికి నియామక పత్రము ఇయ్యవలెననియు, 40 ఏండ్లు దాటినవారికి ఏటేట ఉచితముగా వైద్యపరీక్ష చేయించవలెననియు అవి చెప్పుచున్నవి. ఆ నియామక పత్రము షెడ్డులోని మూలబల్ల వరకు చేరినపుడే దానికి విలువ.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇంట పనికి పోవు పెద్దల పేరు ఏ పుస్తకములో ఉన్నదో ఈ సాయంకాలము అడుగుడు. లేనిచో, చదువు వచ్చినవారు గనుక, ఆ దరఖాస్తు మీరే వ్రాసి యిండు. మీ చదువునకు అది తొలి ఫలము కాగలదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. 2020లో ఫీజులు వసూలుకాక జీతములు తగ్గించవలసి వచ్చినపుడు, పెద్ద జీతమునకు ఎక్కువ కోతయు, చిన్న జీతమునకు తక్కువ కోతయు వేసినారు. గంట కొట్టు మన చాచాకు మెట్లెక్కుట కష్టమైనపుడు, పాత జీతముతోనే గ్రంథాలయపు వాకిట కూర్చుండబెట్టినారు. మేము ఆనాడు ఎంతో సంతోషించితిమి. కాని అది తమ దయ. దానిని కళాశాల నియమావళిలో ఒక నియమముగా వ్రాయించుడని ప్రార్థించుచున్నాము. తమ తరువాత వచ్చు కమిటీ ఎటువంటిదో ఎవరికి తెలియును?

నేటి కొమ్ములము మేమే, మీరే. కాలము ఎవరి కొరకును ఆగదు. మనమును ఒకనాడు ముందు వచ్చిన చెవులము కాక తప్పదు. ఆనాడు మనలను ఎట్లు చూడవలెనని కోరుదుమో, నేడే వ్రాసి పెట్టుకొనుట మేలు.