చిన్న కోత, పెద్ద కోత

మాఘ ఫాల్గుణాలలో మా సత్తెనపల్లి చుట్టుపక్కల కల్లాలన్నీ మిరపపండ్లతో ఎర్రబడతాయి. ఆ ఘాటుకు తుమ్మనివారు, దగ్గనివారు ఉండరు. తుమ్మితే చీర తడుస్తుందేమోనన్న భయంతో, పొద్దుటినుంచి మంచినీళ్ళు మానుకొని పనికి వెళ్ళే స్త్రీలు వారిలో ఉంటారు. మా పిన్ని అటువంటివారిలో ఒకరు. ముగ్గురు బిడ్డల తల్లి. ఇరవై ఏళ్ళు దాచుకున్న ఈ మాటను గుంటూరులో ఒక వైద్యురాలి ముందు బయటపెట్టింది.

కాన్పులవల్ల కటిభాగపు కండరాలు సడలినప్పుడు దగ్గు, తుమ్ము, బరువుల ఒత్తిడికి మూత్రమార్గం మూసుకొని ఉండలేదు. "వయసు మీదపడితే ఇంతే" అని సరిపెట్టుకోవలసిన అవసరం లేదు. ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని ఆర్నాల్డ్ కీగెల్ 1948లోనే వివరించాడు. తొలి చికిత్స నేటికీ అదే. దానితో గుణం కనిపించనివారికి శస్త్రచికిత్స.

అమెరికా వైద్యుడు జాన్ బర్చ్ 1961లో ప్రకటించిన పద్ధతిలో పొత్తికడుపు కోసి, మూత్రాశయపు మెడకు ఇరుపక్కలా ఉన్న కణజాలాన్ని పైకెత్తి, కటి ఎముకను అంటిన గట్టి స్నాయువుకు కుట్టి నిలుపుతారు. 1991 నుంచి ఇదే పనిని చిన్న రంధ్రాలగుండా, ల్యాపరోస్కోపీతోనూ చేస్తున్నారు. 1990ల చివర వచ్చిన వల టేపులు వీటిని వెనక్కు నెట్టాయి. టేపులవల్ల కొందరికి కలిగిన బాధలు బయటపడి, 2018లో బ్రిటన్‌లో వాటి వాడకం నిలిపివేశాక, పాత కుట్టు మళ్ళీ చర్చకు వచ్చింది.

మరి ఏది మేలు? రెండింటినీ పోల్చిన అధ్యయనాలలో, తొలి కొన్నేళ్ళలో గుణం ఇంచుమించు సమానమే. రంధ్రాల పద్ధతిలో నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్ళవచ్చు. ఆపరేషన్‌కు మాత్రం సమయం ఎక్కువ పడుతుంది, చేయి తిరిగిన వైద్యులు కావాలి. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసిన విషయం మరొకటి. పక్కకు ఒక్క కుట్టు వేసినదానికన్నా రెండు వేసినది మంచి ఫలితాన్నిచ్చిందట. అంటే అసలు బలం పైన కోతలో లేదు, లోపలి కుట్టులో ఉంది.

ఆ కుట్టు కుదురుకోవడానికి దాదాపు ఆరువారాలు బరువులెత్తకూడదంటారు. రంధ్రం చిన్నదైనంత మాత్రాన ఈ నియమం సడలదు. పల్లెటూరి ఇంట్లో చిక్కంతా ఇక్కడే. బొడ్డు దగ్గర రెండు మూడు చిన్న మచ్చలు చూసి, నాలుగోరోజుకే నీళ్ళబిందె అందిస్తారు. పదోరోజుకు పత్తి తీతకు పిలుపు వస్తుంది. రెండు పద్ధతులూ విని పిన్ని అన్న మాట ఇది: "కోత కనపడితేనే గదరా, మంచం మీద కూర్చోనిచ్చేది!"

ఏ వైద్యగ్రంథంలోనూ ఈ లెక్క ఉండదు. త్వరగా కోలుకోవడమంటే త్వరగా పనిలోకి దిగడమని ఇంటివారు అర్థం చేసుకుంటే, చిన్న కోత ఇచ్చిన లాభం స్త్రీకి దక్కదు, ఇంటిపనికి దక్కుతుంది. ఏ పద్ధతో నిర్ణయించవలసింది ఆమె, ఆమె వైద్యురాలు. ఆ ఆరువారాలూ బిందె ఎవరు మోస్తారో మాత్రం ఆపరేషన్‌కు ముందే ఇంట్లోని మగవారు తేల్చుకోవాలి.