నాన్న కంప్యూటర్

హోసూరులో మా ఇంటి డెస్క్‌టాప్ 2013లో కొన్నది. ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా తెరుచుకోదు. "కొత్తది కొందాం పాపా" అంది అమ్మ. రిపేరు అన్న చూసి, ఎస్‌ఎస్‌డీ వేసి ర్యామ్ 8 జీబీ చేస్తే ఇంకా పని చేస్తుందన్నాడు. విండోస్ 11 మాత్రం దీనికి ఎక్కదట. కొత్తదే మేలనుకున్నా.

కానీ అవ్వ పాటలన్నీ నాన్న ఇందులోనే, యూనికోడ్ కాని పాత ఫాంటులో టైపు చేసినాడు. కాపీ చేసుకున్నా, ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పిచ్చి గుర్తులే. అడుగుదామంటే అవ్వా లేదు, నాన్నా లేడు.

ఎస్‌ఎస్‌డీ వేయించినా. పాత డిస్కు బీరువాలో దాచినా. రోజుకో పాట యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నా. అన్నీ అయినాకే కొత్తది.