నల్లేరు మీద కేకు ముక్క

ఇంగ్లీషు గ్రామరు పుస్తకం చివర్లో ఒక పట్టిక ఉంటుంది. ఇంట్లో ఆరో ఏడో చదివే పిల్లలుంటే మీరూ చూసే ఉంటారు. ఎడమవైపు ఇడియమ్, కుడివైపు దాని అర్థం. 'ఎ పీస్ ఆఫ్ కేక్' అంటే చాలా తేలిక. 'స్పిల్ ద బీన్స్' అంటే రహస్యం బయటపెట్టడం. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం. ఇలా ఓ నలభయ్యో యాభయ్యో ఉంటాయి. మా వాడు వాటిని ఎక్కాల్లా ఊగుతూ బట్టీ పట్టేవాడు. పరీక్షలో మార్కులూ బాగానే పడేవి.

అయితే ఏడెనిమిదులు యాభయ్యారు అన్నది ఎక్కడ అన్నా యాభయ్యారే. ఈ మాటలు అలా కాదు కదా! పోయిన వేసవిలో మా అపార్టుమెంటు కింది అంతస్తులో ఉండే పెద్దాయన కాలం చేశారు. మేమంతా అక్కడే ఉన్నాం. మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే మా వాడు తీసి, "తాతగారు కిక్డ్ ద బకెట్ నాన్నా" అన్నాడు. పక్కనే ఆ పెద్దాయన కోడలు నిలబడి ఉంది. ఆవిడ చదువుకున్న మనిషి. ఒక్కసారి వాడి వంక చూసి, తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాడు అల్లరికి అన్నమాట కాదది. పట్టికలో ఆ మాట ఎదురుగా ఉన్న అర్థం అదే. ఎవరి ముందు అనొచ్చు, ఎవరి ముందు అనకూడదు అనే గడి మాత్రం ఆ పట్టికలో లేదు.

ఆ రాత్రి వాణ్ణి కూచోబెట్టి, ఇంగ్లీషు జోలికి పోకుండా, "మనిషి పోతే మనం ఏమేమంటాంరా?" అని అడిగాను. వాడికి 'చనిపోయారు' ఒక్కటే వచ్చు. మా అత్తయ్య అందుకున్నారు. పోయారు, కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు, స్వర్గస్థులయ్యారు. నేను ఇంకో రెండు మెట్లు కిందికి దిగి, గుటుక్కుమన్నాడు, బాల్చీ తన్నేశాడు అన్నాను. బాల్చీ అనగానే వాడు ఎగిరి గంతేశాడు. "అది ఇంగ్లీషుదేగా!" అవును, అక్కణ్ణుంచి దిగి, మన వీధుల్లో తెలుగు వేషం కట్టిన మాటే. "మరి కింది తాతగారు బాల్చీ తన్నేశారని ఆంటీ ముందు అంటావా?" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. 'పాస్డ్ అవే' అనే మాట మన 'కాలం చేశారు' పక్కన కూచోదగ్గదని అప్పుడు చెప్పాను. మర్నాడు పొద్దున్నే వాడే కిందికి వెళ్ళి ఆవిడకి సారీ చెప్పి వచ్చాడు. వెళ్ళమని నేను చెప్పలేదు.

ఇక్కడ నా గోడు కొంచెం వెళ్ళబోసుకోవాలి. నేను బి.ఏ. తెలుగు. మూడో తరగతి దాకా మా వాడి పుస్తకాలన్నీ నా ఒళ్ళోకే వచ్చేవి. నాలుగో తరగతి నుంచి "నీది తెలుగు కదమ్మా, నీకు తెలీదులే" మొదలైంది. సైన్సూ సోషలూ కూడా ఇంగ్లీషులోనే కాబట్టి, వంటింటి గుమ్మం దాకా వచ్చిన పుస్తకం అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి ట్యూషన్‌కి పోయేది. చాలా ఇళ్ళలో ఇదే వరస అనుకోండి. మా అత్తయ్యకి జరిగింది ఇంకా అన్యాయం. ఆవిడ నోరు తెరిస్తే నుడికారమే. "దీపం కొండెక్కిందిరా, కాస్త చూడు" అంటే వీడు "ఏ కొండ?" అనేవాడు. రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగడం మానేశాడు. 'ఊఁ' అనేసి ఫోన్‌లో తల దూర్చేవాడు. చూసి చూసి ఆవిడ కూడా వాడితో పొడి మాటలకి దిగారు. అన్నం తిన్నావా, స్నానం చేశావా, అంతే. ఒకే కప్పు కింద ఉండే నానమ్మా మనవడూ దూరపు చుట్టాల్లా పలకరించుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

బాల్చీ గొడవ అయ్యాక ఒక పాత లాంగ్ నోటుబుక్కు తీసి మూడు గళ్ళు గీశాను. మొదటి గడిలో ఇంగ్లీషు మాట. రెండో గడిలో, ఆ మాటని ఉన్నదున్నట్టు చదివితే కళ్ళకి కట్టే బొమ్మ. అది వాడు గియ్యాలి. మూడో గడిలో, అదే సందర్భం వస్తే మన ఇంట్లో ఏమంటాం? ఈ గడి నింపే పని నానమ్మది. అర్థం రాయడానికి వేరే గడి పెట్టలేదు. వారానికి నాలుగైదు కన్నా ఎక్కువ వద్దనుకున్నాం. మొదటి వారం ఇద్దరూ నా మొహమాటానికే కూచున్నారు.

మొదట వచ్చింది కేకు ముక్కే. దానికి అత్తయ్య "నల్లేరు మీద బండి నడక" అన్నారు. వాడికి కేకు తెలుసు గానీ నల్లేరు తెలీదు, బండి అంటే వాడి దృష్టిలో స్కూటరు. సంక్రాంతికి అత్తయ్య పుట్టింటి ఊరు వెళ్ళినప్పుడు కంచె మీద పాకిన నల్లేరు చూపించాం. నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకీ విరిగే తీగ. వాడు నాలుగు కాడలు తెంపి దారిలో పరిచి, సైకిలు చక్రం వాటి మీదుగా పోనిచ్చాడు. పుటుక్కుమని నలిగిపోయాయి, చక్రానికి కుదుపన్నదే లేదు. ఇంక ఆ జాతీయం వాడు మరవమన్నా మరవడు. (లేత కాడలతో అత్తయ్య పచ్చడి కూడా చేశారు. చేతికి నూనె రాసుకోకుండా నార తీస్తే దురద. కాబట్టి పచ్చడి చెయ్యడం మాత్రం పీస్ ఆఫ్ కేక్ కాదు.)

'స్పిల్ ద బీన్స్' దగ్గర నేనే ఆశ్చర్యపోయాను. దాచలేక బీన్స్ ఒలకబోసేవాళ్ళు వాళ్ళకుంటే, నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళు మనకున్నారు. అక్కడా గింజే, ఇక్కడా గింజే. వాడి బొమ్మలో ఒకామె నోట్లోంచి నువ్వులు జలజలా రాలుతుంటాయి. ఆ బొమ్మలో ఉన్నది మా పనమ్మాయి అని అత్తయ్య తేల్చారు. ఆ పిల్ల చూడకుండా పేజీ తిప్పాల్సి వచ్చింది.

అన్నీ ఇంత సులువుగా జత కుదరవు. మా అమ్మాయి పదో తరగతి. స్కూలు వార్షికోత్సవంలో దాని కూచిపూడి అంశం ఉంది. గజ్జెలు కట్టుకుంటుంటే స్నేహితురాలు ఫోన్‌లో "బ్రేక్ ఎ లెగ్!" అంది. తమ్ముడు ఊరుకుంటాడా, నానమ్మకి తెలుగు చేసి చెప్పాడు. ఆవిడ "నాట్యానికి వెళ్ళే పిల్లని కాలు విరగ్గొట్టుకోమందా? దాని నోరు పడ!" అని అప్పటికప్పుడు ఉప్పు తెచ్చి మా అమ్మాయికి దిష్టి తీశారు. నాకు నవ్వాగలేదు గానీ, ఆ దిష్టిలోనే జవాబు దొరికింది. నాటకాల వాళ్ళకి ఒక నమ్మకం ఉంది. స్టేజీ ఎక్కే ముందు మంచి జరగాలని పైకి అంటే ఎదురు కొడుతుందని. అందుకని చెడ్డమాట అంటారు. చంటిపిల్ల బుగ్గన మనం నల్లచుక్క పెట్టడం లాంటిదే ఇది.

మాటల్లో మనం చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని. చెడుని చెడుగా అనం. డబ్బాలో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. ఆరిపోయిన దీపం కొండెక్కుతుంది. గుమ్మం దాటేవాళ్ళు 'వెళ్తాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలి. వాళ్ళేమో మంచి మాట బయటికి అనడానికి భయపడ్డారు, మనమేమో చెడ్డ మాట నోటితో అనడానికి భయపడ్డాం. ఇది చెప్పాక మా వాడు నానమ్మ వైపు తిరిగి, "అయితే దీపం ఏ కొండా ఎక్కలేదన్నమాట!" అన్నాడు. నాలుగేళ్ళ కింద అడిగి వదిలేసిన ప్రశ్న అది. వాడు మరిచిపోలేదు, అడగడం మానేశాడంతే. "ఇన్నాళ్ళకి దిగొచ్చిందిరా నీకు ఆ కొండ" అన్నారావిడ.

చలీ వేడీ సంగతి మీద మా ఇంట్లో ఒక పూటంతా గడిచింది. 'వార్మ్ వెల్‌కమ్' అంటే ఆప్యాయంగా పిలవడం, 'కోల్డ్ షోల్డర్' అంటే పెడమొహం పెట్టడం. చలిదేశం వాళ్ళకి వెచ్చదనమే ప్రేమ. మే నెల విజయవాడలో మనకెవరైనా వెచ్చగా స్వాగతం పలికితే ఇంకేమన్నా ఉందా? మన దీవెన 'చల్లగా ఉండు'. శుభవార్త వస్తే 'చల్లని కబురు చెప్పావు'. మేలు చేసిన తల్లిని 'నీ కడుపు చల్లగా' అంటాం. అసూయ పడితే కడుపుమంట. 'సేవ్ ఇట్ ఫర్ ఎ రెయినీ డే' దగ్గర అత్తయ్య అసలొప్పుకోలేదు. ఆవిడ పుట్టింటివాళ్ళది మెట్ట వ్యవసాయం. "వాన పడ్డ రోజుకి దాచుకోవడమేంటమ్మాయ్, వాన పడని రోజుకి కదా దాచుకునేది!" అన్నారు. మూడో గడిలో ఆవిడ మాటే రాశాం.

'టై ద నాట్' కి మన మూడు ముళ్ళు ఉండనే ఉన్నాయి. "వాళ్ళకి ఒక్క ముడేనా? చాలదు" అని ఆవిడ వ్యాఖ్యానం. 'టీచ్ యువర్ గ్రాండ్‌మదర్ టు సక్ ఎగ్స్' అనే విచిత్రమైన మాటకి 'తాతకు దగ్గులు నేర్పడం' అచ్చుగుద్దినట్టు సరిపోయింది. 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్' వచ్చినప్పుడు న్యూకాజిల్ ఇంగ్లండులో బొగ్గుకి పేరుపడ్డ ఊరని చెప్పగానే, నానమ్మ నోరు తెరిచేలోపే మా వాడు "సింగరేణికి బొగ్గులు మొయ్యడం" అన్నాడు. ఏ నిఘంటువులోనూ ఉండదు గానీ నేను కొట్టెయ్యలేదు. వాడి సొంత ఆస్తి అది. 'ఎ డ్రాప్ ఇన్ ది ఓషన్' కి వచ్చిన 'సముద్రంలో కాకిరెట్ట' మా వాడికి అన్నిటికన్నా ఇష్టం. పాకెట్ మనీ ఇచ్చిన ప్రతిసారీ అదే అంటున్నాడు.

ఈ పని నేనేదో కొత్తగా కనిపెట్టానని అనుకోకండి. 1868లోనే మద్రాసులో కెప్టెన్ కార్ అనే సైనికాధికారి మన సామెతలు పోగుచేసి, ఇంగ్లీషులో అర్థాలు చెప్పి పుస్తకం వేశాడు. మన మాటలు నేర్చుకోవడానికి ఆయన అటునుంచి వచ్చాడు, మేం ఇటునుంచి వెళ్తున్నాం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నేర్చుకున్న ఉత్సాహంలో పిల్లలు ప్రతి వాక్యంలోనూ ఒకటి ఇరికిస్తారు. ఆవకాయ అన్నంలో కలుపుకోవాలి గానీ, ఆవకాయలో అన్నం కలుపుకోకూడదు కదా. పైగా పట్టికల్లో ఉన్నవన్నీ ఇవాళ నడిచే మాటలు కావు. మా ఆడపడుచు ఇంగ్లండులో పద్నాలుగేళ్ళుగా ఉంటోంది. వానలో 'క్యాట్స్ అండ్ డాగ్స్' కురవడం ఒక్కరి నోటా వినలేదట. 'ఇట్స్ పోరింగ్' అంటారట. మన కుండపోతకి అదే దగ్గర. పరీక్షకి పిల్లులూ కుక్కలూ ఉండాలి కాబట్టి ఉంచాం, మాట్లాడేటప్పుడు వద్దన్నాను. అలాగే మాటల వరస కూడా మార్చకూడదు. కుక్కల్ని ముందుపెట్టి పిల్లుల్ని వెనక్కి నెడితే అది ఇడియమ్ కాదు. ఎందుకు కాదని మా వాడు వాదిస్తే, "నల్లేరు మీద కారు నడక అను, ఎలా ఉంటుందో" అన్నాను. ఒప్పుకున్నాడు.

ఇప్పుడు సాయంత్రం పూట నోటుబుక్కు నేరుగా వంటింటి గట్టు మీదికే వస్తోంది. దానితోపాటు ఒక్కోసారి సోషలు పుస్తకం కూడా. పోపు పెడుతూ నాకు తెలిసింది చెప్తాను, తెలియనిది ఇద్దరం కలిసి వెతుక్కుంటాం. ఈమధ్య అత్తయ్యే ఎదురు ప్రశ్నలు వేస్తున్నారు. మూడో గడి ముందు ఆవిడ చెప్పడం, మొదటి గడి కోసం వాడు తలగోక్కోవడం. మొన్న "తలలో నాలుక" ఇచ్చారు. అందరికీ కావలసినవాడై, ఎవరితోనూ మాట పడకుండా, పదిమందిలో ఒదిగిపోయే మనిషని ఆవిడే విడమర్చి చెప్పారు. మా వాడు డిక్షనరీ తిరగేశాడు, ట్యూషన్ సారుని అడిగాడు, అత్తకి ఇంగ్లండు ఫోన్ చేశాడు. బొమ్మ మాత్రం గీశాడు. మనిషి నెత్తి మీదనుంచి ఒక నాలుక బయటికొచ్చి చూస్తోంది, చూస్తే భయమేస్తుంది. మొదటి గడి ఇంకా ఖాళీగానే ఉంది. మీకేమైనా తడితే చెప్పండి, వాడు రోజూ అడుగుతున్నాడు.