పగార్ లేని నౌకరి
(భవాని పేట్ డైరీ పుటలు)

15 జూన్ 2018, శుక్రవారం

బడి తెరిచాం. కొత్త పిల్లలకు గులాబీలిచ్చి, బాలభారతి వాళ్ళ తెలుగు పుస్తకాలు పంచాం. పుణె నుంచి వచ్చే పుస్తకాలు. అట్ట మీద మహారాష్ట్ర, లోపల మన అక్షరాలు. షోలాపూర్ పిల్లలకు ఇందులో వింతేమీ లేదు. ఐదో తరగతిలో మాత్రం వరుసలు పలచబడ్డాయి. తల్లులు ఇంగ్లిష్ మీడియం అంటున్నారు, డబ్బు లేనివాళ్ళు మరాఠీ మీడియం అంటున్నారు. బ్యాంకులో, దవాఖానలో, పోలీస్ చౌకీలో పనికొచ్చేది మరాఠీయే కదా.

నాది తాసికల లెక్క. చెప్పిన గంటకు ఇంత అని. గణితం పోస్టు మంజూరై ఉంది, మనిషి లేడు. 2012లో రాష్ట్రమంతా టీచర్ల భర్తీ ఆపారు. పోయిన డిసెంబరులో ఆన్‌లైన్ పరీక్ష పెడితే రాశాను. భర్తీకి పవిత్ర పోర్టల్ వస్తుంది, అందులో చూసుకోండి అంటున్నారు.

సాయంత్రం కెన్యా నుంచి మెయిల్ వచ్చింది. కిజాబెలోని రిఫ్ట్ వ్యాలీ అకాడమీ అనే మిషనరీ పిల్లల బడిలో హైస్కూలు గణితం. సెప్టెంబరు టర్ముకు రమ్మంటున్నారు. బాపుకు ఇంకా చెప్పలేదు.

18 జూన్, సోమవారం

బాపు రాత్రి పాళీ దిగి వచ్చి, చెవుల్లోంచి దూది తీసి చాయ్ తాగుతుండగా చెప్పాను. ముప్పై ఏళ్ళుగా మరమగ్గాల సాంచెల మధ్య నిలబడ్డ మనిషి, సగం వినపడదు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి బళ్ళు ఎలా నడుస్తాయో వివరించాను. అక్కడి పిల్లల తల్లిదండ్రులు మిషనరీలు. దక్షిణ సూడాన్‌లో, కాంగోలో, టాంజానియా పల్లెల్లో డాక్టర్లుగా, నర్సులుగా, పాస్టర్లుగా పనిచేస్తుంటారు. వాళ్ళున్న చోట పెద్ద చదువులకు బడి ఉండదు కాబట్టి పిల్లల్ని హాస్టల్లో వేస్తారు. టీచర్లకు బడి జీతమివ్వదు. ఎవరి ఖర్చు వాళ్ళే, తమ సంఘం నుంచో, తెలిసినవాళ్ళ నుంచో కూడగట్టుకుని పోవాలి.

బాపు అంతా విని అన్నాడు: "ఈడ పగార్ వస్తలేదంటివి. ఆడ పగారే లేదంటివి. నువ్వేం లెక్కల టీచరువే బిడ్డా?"

అవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే, "దొరసానులు మనోళ్ళకు అఆలు నేర్పిన్రు. గిప్పుడు వాళ్ళ పోరగాండ్లకు నువ్వు నేర్పుతవా? బాకీ తీర్చుడా?" అంది.

కొరియా వాళ్ళూ ఉంటారవ్వా, ఇథియోపియా వాళ్ళూ, మన దేశం వాళ్ళూ ఉంటారు అన్నాను. "అందరు ఉంటరు, మేమే ఉండం" అంది.

24 జూన్, ఆదివారం

ఆరాధన తర్వాత పాస్టరుగారు నా సంగతి సంఘానికి చెప్పారు. మిజోరం గురించి చెప్పారు. అక్కడ ఇంటింటా వంటకు కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి పక్కన పెడతారు. అది అమ్మిన డబ్బుతో మిషనరీలను పంపుతారు. మనం బియ్యం కాకపోయినా బీడీలు ఇవ్వలేమా అన్నారు. నవ్వారు గాని, నవ్వినవాళ్ళే పేర్లు రాయించారు.

మా గల్లీలోని పెద్దమ్మ నెలకు వంద అని రాయించింది. ఆమె పని నాకు తెలుసు. తునికాకు నానబెట్టాలి, తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. రేకు పెట్టి కత్తెరతో ముక్క కోయాలి, ఈనె తీయాలి, చిటికెడు తంబాకు పోసి చుట్టాలి, కొన గోటితో మడిచి దారం చుట్టాలి. కార్ఖానాకు పోతే బాగాలేవని కొన్ని తీసి పారేస్తారు. వాటికి కూలి ఉండదు. ఆ వంద ఆ లెక్కలోంచి రావాలి.

ఆమె వందతో నేను పాఠం చెప్పబోయే పిల్లల్లో చాలామంది ఇళ్ళు ఆమె ఇంటికంటే నయం. పెద్దమ్మతో ఆ మాట అన్నాను. "ఇయ్యద్దంటవా? నేను దేవునికిస్తున్న, నీకు గాదు" అని గద్దించింది. డబ్బు తీసుకున్నాను. ప్రశ్న నాకు అలాగే ఉంది.

8 జూలై, ఆదివారం

అవ్వ అన్న బాకీ సంగతి చదువుతున్నాను. మన ఊళ్ళో అమెరికన్ మరాఠీ మిషన్ వాళ్ళు కిండర్‌గార్టెన్ పెట్టారు, దానికి టీచర్లను తయారుచేసే బడీ నడిపారు. ఇలా ఊరూరా మన పిల్లలకు బళ్ళు పెట్టిన మిషనరీలు తమ పిల్లల్ని మాత్రం కొండల మీది హాస్టళ్ళకు పంపారు. ముస్సోరీలో వుడ్‌స్టాక్ 1854 నాటిది. కొడైకెనాల్లో హైక్లర్క్ బడి 1901లో మొదలైంది. తెలుగు జిల్లాల మిషనరీల పిల్లలూ కొడైకెనాల్లో చదివారు. మన పిల్లవాడు తల్లి కొంగు పట్టుకుని వాళ్ళ బడికి వచ్చేవాడు. వాళ్ళ పిల్లవాడు నెలల తరబడి తల్లి ముఖం చూడకుండా పెరిగేవాడు.

అన్ని హాస్టళ్ళూ మంచివి కావు. గినీ దేశంలో మామూ అనే ఊళ్ళో మిషనరీ పిల్లల బడి ఉండేది. అక్కడ తాము పడ్డ హింసను ఆ పిల్లలు పెద్దయ్యాక బయటపెట్టారు. 1990లలో ఆ బడి నడిపిన మిషన్ విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది, నేరం నిజమని తేలింది. దేవుడి పని మీద ఉన్నాం కదా అని తల్లిదండ్రులకు చెప్పుకోలేక పిల్లలు నోరు మూసుకున్నారట. ఇలాంటి బడికి పోయే టీచరు ముందు చదవాల్సింది ఇదే.

తెలుగువాళ్ళలోనూ సముద్రం దాటిన మిషనరీ ఉన్నాడు, జాన్ రంగయ్య. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పోయాడు. పంపింది అమెరికా వాళ్ళు కాదు, తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సంఘం. చెరకు, తేయాకు తోటల్లో గిర్మిట్ కూలీలుగా ఉన్న తెలుగువాళ్ళ కోసం కియర్స్‌నీలో సంఘం పెట్టాడు. భార్యాబిడ్డలను వెంట తీసుకుపోయాడు.

19 జూలై, గురువారం

ముంబైలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను. చేతికి పసుపు పచ్చ కార్డు ఇచ్చారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేస్తే ఇప్పుడు జన్మంతా చెల్లుతుంది. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే విడిగా ఉంచేస్తారట. పోవడం కన్నా రావడానికే కాగితాలు ఎక్కువ.

11 ఆగస్టు, శనివారం

హెడ్మాస్టరు సారుకు రాజీనామా ఇచ్చాను. తాసికల టీచరుకు రాజీనామా ఏమిటి, రేపటి నుంచి రాను అంటే చాలు అనుకున్నాను. సారు మాత్రం కూర్చోబెట్టి చదివారు.

"వాళ్ళ పిల్లలకు ఎవరో ఒకరు వస్తరమ్మా. అమెరికా నుంచి వస్తరు, ఇంగ్లండు నుంచి వస్తరు. మన పిల్లలకు తెలుగులో లెక్కలు చెప్పేటోళ్ళు ఎక్కడి నుంచి వస్తరు?"

సమాధానం చెప్పలేదు. బీఎడ్ చేసి నాలుగేళ్ళయింది, ఇంటి అద్దెలో నా వాటా కట్టిన నెల లేదు. అది కారణం అని చెప్పొచ్చు. కాని పగార్ లేని చోటుకే పోతున్నాను కాబట్టి ఆ కారణం నిలవదు. పోవాలని ఉంది, అదే నిజం. మగ్గాల గడగడ వినపడని చోట, నా పేరు మీద పిలుపొచ్చిన చోట, ఒకసారి పనిచేసి చూడాలని ఉంది. దీనికి సేవ అని పేరు పెట్టి సారు ముందు గొప్పగా చెప్పుకోవడం ఇష్టం లేకపోయింది.

26 ఆగస్టు, ఆదివారం

నారళీ పున్నమి. మార్కండేయ రథోత్సవం. చిన్నాయన వాళ్ళింట్లో అందరూ జంజాలు మార్చుకున్నారు. బాపు క్రైస్తవుడయ్యాక జంజం తీసేశాడు గాని, రథం నాడు చౌక్‌లో నిలబడకుండా ఉండడు. నేనూ పక్కన నిలబడ్డాను. సాలోళ్ళుండే పూర్వ భాగ్ అంతా రోడ్డు మీదే ఉంది. లేజిమ్ జట్లు, డోలు, పూల రథం. ఒక బండి మీద మగ్గం బిగించి, బండి కదులుతుంటేనే బట్ట నేస్తున్నారు. బండి గుంతలో పడ్డప్పుడు పోగు తెగింది. నేసే ముసలాయన జనం వైపు చూడకుండా పోగు వెతికి పట్టి, రెండు వేళ్ళతో ముడేసి, మళ్ళీ నాడె విసిరాడు.

"మా తాత కరీంనగర్ నుంచి వచ్చేటప్పుడు రెండేండ్లే అని వచ్చిండంట" అన్నాడు బాపు. 1877లో ఇక్కడ మొదటి మిల్లు పెట్టాక నిజాం రాజ్యం నుంచి సాలోళ్ళు వస్తూనే ఉన్నారు. తిరిగిపోయినవాళ్ళు తక్కువ. నాదీ రెండేళ్ళ ఒప్పందమే. బాపు ఇంకేం అనలేదు, నేను అడగలేదు.

28 ఆగస్టు, మంగళవారం

రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్. సాంచెల సేటు చద్దరు ఇచ్చాడు, ఎర్రంచుది, నెమళ్ళున్నది. బాపు మడతలు విప్పి, తిరగేసి, వెనకవైపు పోగులు చూసి, "మంచిగుంది" అని పెట్టెలో పెట్టాడు.

16 సెప్టెంబరు, ఆదివారం

కిజాబె చలిగా ఉంది. సముద్ర మట్టానికి రెండు వేల మీటర్ల పైన, లోయ అంచున బడి. ఎదురుగా లొంగోనాట్ కొండ. 1906లో పెట్టిన బడి ఇది. 1909లో కియాంబోగో భవనానికి అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పునాది రాయి వేశాడు. ఇక్కడ ఆ సంగతి అందరూ చెప్తారు. ఈ ఊరి మీదుగా పోయే రైలు దారి సంగతి నేను అడిగితే గాని చెప్పలేదు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి పట్టాలు పరిచింది మన దేశపు కూలీలు. దాదాపు 32 వేల మంది వచ్చారు, 2,500 మంది దాకా చచ్చిపోయారు. సోమవారం తొమ్మిదో తరగతిలో ఆ రెండు అంకెలిచ్చి శాతం కట్టమన్నాను. ఎనిమిది దగ్గరికి వచ్చింది. కాసేపు ఎవరూ పెన్సిలు కదపలేదు.

మూడు నెలలు బడి, ఒక నెల ఇల్లు. ఏడాదికి మూడుసార్లు ఇదే. సెలవులొస్తే కొందరు నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న మిషన్ విమానాల్లో అమ్మానాన్నల దగ్గరికి పోతారు. మీదే ఊరు అని అడిగితే కొరియా పిల్ల టాంజానియా అంటుంది, తమిళ డాక్టర్ల పిల్లవాడు కాసేపు ఆలోచిస్తాడు. నన్ను అడిగితే నేను షోలాపూర్ అంటాను. తెలుగుదాన్ని, మహారాష్ట్రదాన్ని, మా పెద్దలు కరీంనగర్ వాళ్ళు అని చెప్పేసరికి పిల్లలకు నేను సులభంగా అర్థమయ్యాను.

7 అక్టోబరు, ఆదివారం

ఇక్కడ పని బాగుంది. హాస్టల్ పిల్లలతో ఎలా మెలగాలో కాగితం మీద రాసి ఉంది, టీచర్లందరితో చదివించి సంతకం పెట్టించారు. మామూ గురించి చదివి వచ్చినదాన్ని, ఆ కాగితం విలువ నాకు తెలుసు.

సారు అన్నదే నిజం. నేను రాకపోతే ఈ క్లాసుకు ఇంకెవరో వచ్చేవారు. వచ్చినందుకు విచారం లేదు. ఈ పిల్లలకు టీచరు కావాలి, నాకూ ఒక క్లాసు కావాలి. అంతకంటే పెద్ద మాట నా పని గురించి వాడను. పెద్దమ్మ వందకు మాత్రం లెక్క చెప్పాలి. అది ఇక్కడ తీరే బాకీ కాదు.

సారుకు మెసేజ్ పెట్టాను: ఒప్పందం ముగిశాక 2020లో మన బడికి తిరిగి వస్తాను, తాసికల మీదైనా సరే. జవాబు వెంటనే వచ్చింది. గణితం పోస్టు ఇంకా ఖాళీగానే ఉందట.