కన్నున్న దుంప

డాలియా దుంపను మొదటిసారి చూసినవారెవరికీ అందులో ఒక పువ్వు దాగి ఉందంటే నమ్మబుద్ధి కాదు. మా వరంగల్లు వైపు మొరంగడ్డ అంటామే, కోస్తావారి చిలగడదుంప, అచ్చంగా దాని గుత్తిలా ఉంటుంది. కాకపోతే కాస్త సన్నగా, మట్టిరంగులో, ముడతలు పడి ఉంటుంది. పేరు డాలియానా డేలియానా అన్న తగువు వేరే ఉంది. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆండర్స్ డాల్ పేరు మీదుగా 1791లో మాడ్రిడ్ నగరంలో కవానిల్యెస్ అనే పండితుడు ఈ మెక్సికో మొక్కకు నామకరణం చేశాడు కనుక డాలియా అనడమే న్యాయమని నా పక్షం. పాపం, ఆ డాల్ అప్పటికి రెండేళ్ళ క్రితమే కాలం చేశాడు. తన పేరు మోస్తున్న మొక్క సంగతే ఆయనకు తెలియదు.

మేముండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న ఒక చిన్న ఊరిలో. ఇక్కడ డాలియా పెంచడమంటే ఏటా రెండుసార్లు చలితో బేరమాడటమే. మే నెల సగం గడిచేదాకా దుంపను నేలలో పెట్టలేం. అక్టోబరులో ఆకుల మీద మంచు పేరిన మొదటి రాత్రికే నిన్నటి దాకా నిండుగా పూసిన మొక్క తెల్లవారేసరికి కమిలి నల్లబడిపోతుంది. అప్పుడు కాడను జానెడు ఎత్తున కోసి, వారం రోజులాగి, చుట్టూ దూరంగా గడ్డపార దింపి, దుంపల గుత్తిని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తాలి. ఎందుకంటే డాలియాకు ప్రాణం మెడలో ఉంటుంది. బంగాళాదుంపకైతే ఒళ్ళంతా కళ్ళే. డాలియాకు మాత్రం దుంప మెడ పాత కాడను కలిసే చోట, ఆ కిరీటం వంటి భాగంలోనే కళ్ళుంటాయి. మెడ విరిగినదీ, కన్ను లేనిదీ ఎంత పుష్టిగా ఉన్నా మొలకెత్తదు. కంద పిలక నాటిన చేతులకు ఈ శాస్త్రం కొత్తేమీ కాదనుకోండి.

ఇంత శ్రమ ఎందుకు, విత్తనాలు చల్లుకోరాదా అని మిత్రులు అడుగుతుంటారు. చల్లుకోవచ్చు. కానీ విత్తనం నుంచి వచ్చేది తల్లి కాదు, కొత్త మనిషి. మన కణాలలో క్రోమోజోముల కట్టలు రెండయితే తోట డాలియాలలో ఎనిమిది. వాటి కలయికలో ఏ రంగు పైకి తేలుతుందో, ఏ ఆకృతి వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అదే దుంప నాటితే పోయినేటి మొక్కే మళ్ళీ లేస్తుంది. దాని పిల్ల కాదు, అదే మొక్క. 1929 నాటి థామస్ ఎడిసన్ అనే ఊదారంగు డాలియా మా పెరట్లో ఉంది. దాదాపు నూరేళ్ళుగా ఎవరెవరో చలికాలాలలో దాన్ని పెట్టెల్లో దాచి, వసంతంలో విడదీసి, చేతులు మార్చుకుంటూ వచ్చిన ఒకే ఒక్క మొక్క అది.

అమ్మానాన్నలు మా రెండో అమ్మాయి పురుటికని 2019 నవంబరులో హనుమకొండ నుంచి వచ్చారు. మేలో తిరిగి వెళ్ళవలసింది. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తరువాత ప్రత్యేక విమానాలు మొదలయినా, నాన్నకున్న చక్కెర వ్యాధినీ ఇద్దరి వయసునూ తలచుకుని మేమే పంపలేదు. మే నెలలో గరాజులోంచి దుంపల పెట్టెలు బయటికి తీస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"మొరంగడ్డలా ఇవి? ఉడకబెట్టుకుంటరా, మొక్కుతరా?"

ఆవిడ వెటకారానికన్నా, నిజానికి ఈ దుంపలు తినదగినవే. యూరపు వారు మొదట్లో దీన్ని బంగాళాదుంపకు తోడుగా కూరగాయ చేద్దామని చూశారు. రుచి నచ్చక పువ్వుతో సరిపెట్టుకున్నారు. ఈ సంగతి చెబితే అమ్మ, "తినేదానికి పనికిరాకుంటే పువ్వయిందన్నట్టు" అని తేల్చేసి, తను కూడా చేతులకు మట్టి పూసుకుంది.

ఆగస్టులో కరీంనగర్‌లో పెద్దమ్మ పోయింది. కరోనా. ఇంటివాళ్ళనే దగ్గరికి రానివ్వని రోజులవి. అమ్మ ఫోను తెరలో ఒక అంబులెన్సు వెనుక తలుపును చూసింది, అంతే. ఏడ్వలేదు. రెండు మూడు వారాలు అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. వాళ్ళిద్దరికీ మధ్య రెండేళ్ళే తేడా. పెళ్ళిళ్ళయి వేరు వేరు ఊళ్ళకు వెళ్ళినా సద్దుల బతుకమ్మనాడు మాత్రం ఏటా ఒకరింట్లో కలిసే పేర్చేవారు. పేర్చడం పెద్దమ్మ వంతు. కాడలు సమంగా కోసి అందించడం అమ్మ వంతు.

ఆ రోజుల్లో అమ్మ ఎక్కువ సేపు గడిపింది డాలియా మడి దగ్గరే. వాడిన పువ్వును ఎప్పటికప్పుడు తుంచకపోతే మొక్క విత్తనం కట్టే పనిలో పడి పూయడం తగ్గిస్తుంది. చిక్కేమిటంటే డాలియాలో రేకులు రాలిన పువ్వూ, విచ్చని మొగ్గా దూరానికి ఒకే రకంగా కనబడతాయి. మొగ్గ గుండ్రంగా, అణిచినట్టు ఉంటుంది. అయిపోయిన పువ్వు కొన దేరి ఉంటుంది. ఈ తేడాను అమ్మ ఒక్క పూటలో పట్టేసింది. సెప్టెంబరులో పగళ్ళు తగ్గి రాత్రులు చల్లబడ్డాక డాలియాకు అసలైన యౌవనం. పన్నెండు మొక్కలూ విరగబూశాయి. ఒకనాడు ఉదయం తుంచిన పూలు కొంగులో వేసుకుని లోపలికి వచ్చి, "ఈ ఏడు నేను పేరుస్తరా" అంది.

తంగేడు లేదు, గునుగు లేదు. ఫోనులో ఎవరో బంధువు, దేశం కాని దేశపు పూలతో బతుకమ్మ ఏమిటని అన్నారట. ఈ మాటతో నాకు మొదటి నుంచీ పేచీయే. తంగేడు మన గడ్డదే, కాదనను. కానీ బతుకమ్మలో వరుసలు వరుసలుగా పేర్చే బంతి ఎక్కడిది? అదీ మెక్సికో పువ్వే. డాలియా పుట్టిన ప్రాంతమే దానికీ పుట్టిల్లు. నడినెత్తిన పెట్టే గుమ్మడిపువ్వు తీగ కూడా అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినదే. చామంతి చీనా దేశపుది. ఇవన్నీ మన ఇళ్ళకు వచ్చి కొన్ని వందల ఏళ్ళు అయ్యేసరికి ఎవరూ ఊరు అడగడం మానేశారు. బంతీ చామంతీ డాలియా, మూడూ ఒకే కుటుంబపు మొక్కలు కూడాను. అమ్మకు ఇదంతా చెబితే, "చుట్టమే అన్నట్టు" అని ఊరుకుంది.

అసలు చిక్కు తిథితో వచ్చింది. ఆ సంవత్సరం అధిక ఆశ్వయుజం. సద్దుల బతుకమ్మ అక్టోబరు 24కు జరిగింది. మా ఊళ్ళో అప్పటిదాకా డాలియా నిలవడం అదృష్టమే. కోసి దాచుకుందామా అంటే, కోసిన డాలియా మొగ్గ కుండీలో విచ్చదు. పూర్తిగా విచ్చినదే కోయాలి, అది నాలుగైదు రోజులకు మించి ఉండదు. అక్టోబరు మధ్యలో మొదటి హెచ్చరిక వచ్చింది. రాత్రికి సున్నా డిగ్రీలు.

ఇంట్లో ఉన్న పాత దుప్పట్లన్నీ బయటికి వచ్చాయి. ప్లాస్టిక్ పట్టాలు పనికిరావు, ఆకుకు తగిలిన చోటల్లా చలిని నేరుగా దింపుతాయి. బట్టే కప్పాలి, అదీ పొద్దు వాలకముందే, నేలలోని వెచ్చదనం ఆరిపోకముందే. మొక్కలు నా భుజం ఎత్తు ఉన్నాయి. నేనూ నాన్నా దుప్పటి చెరో కొసా పట్టుకుని, ఊతకర్రల మీదుగా పందిరిలా వేసి, అంచుల మీద ఇటుకలు పెట్టేవాళ్ళం. పక్కింటి ముసలాయన కంచె మీదుగా చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి నాలుగు దుప్పట్లు తెచ్చి కంచె మీద వేసి పోయాడు. ఆరడుగుల దూరం పాటించే రోజులు మరి. అలా ఐదు రాత్రులు. నాలుగో రాత్రి గాలికి ఒక దుప్పటి ఎగిరిపోయి తెల్లారేసరికి మూడు మొక్కలు నల్లబడ్డాయి. అందులో కెల్విన్ ఫ్లడ్‌లైట్ అనే పళ్ళెమంత పసుప్పచ్చ పువ్వు ఒకటి. అమ్మ పెద్దగా బాధపడలేదు. దానికి ముఖం పెద్దదే గాని నడుము లేదని, వరుసలో నిలవదని ఆవిడ ముందే తీర్పు చెప్పి ఉంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ తీర్పు సరైనదే. పేర్చడానికి బంతుల్లా బిగుతుగా ఉండే చిన్న జాతులే పనికివస్తాయి.

24వ తేదీ తెల్లవారుజామున పూలు కోశాం. డాలియా కాడ లోపల బోలు, ఊరికే వాలిపోతుంది. అందుకని చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో కాడలు ముంచి, నీళ్ళు చల్లారేదాకా ఉంచాం. గుమ్మడాకులు ఎప్పుడో మంచుకు పోయాయి కనుక తాంబాలంలో కింద మేపుల్ ఆకులు పరిచింది అమ్మ. ఆపైన అంగడిలో కొన్న పసుపు చామంతులు, వాటిపైన కార్నెల్ అనే ముదురెరుపు డాలియాలు, ఆ పైన ఒక గులాబిరంగువి. మా ఆవిడ కాడలు కోసి అందిస్తుంటే రెండో వరుస పూర్తయ్యేదాకా అమ్మ ఏమీ మాట్లాడలేదు. మూడో వరుసలో, "అక్కయితే ఈడ ఎర్రది పెట్టకపోవు" అని తీసి మార్చింది. ఆ తరువాత పెద్దమ్మ గురించి మాట్లాడుతూనే ఉంది, శిఖరాన పసుపు గౌరమ్మను నిలిపేదాకా. మధ్యలో ఏడ్చింది కూడా. చేతులు మాత్రం ఆగలేదు.

వాకిట్లో ఐదుగురమే ఆడాం, నాన్నతో సహా. పెరట్లో పిల్లల నీళ్ళతొట్టిలో సాగనంపాం.

2021 వసంతంలో వాళ్ళు వెళ్ళిపోయారు. దుంపలు పెట్టెలో పెట్టుకుపోతానని అమ్మ పట్టుబట్టింది గాని, మొక్కల ఆరోగ్యపత్రం లేనిదే దేశం దాటించకూడదు. ఆ గులాబిరంగు డాలియాకు పేరు లేదు. ఎన్నో ఏళ్ళ క్రితం ఎవరో పేరు చెప్పకుండా ఇచ్చినది. చలికాలానికి దాచేటప్పుడు దుంప మీదే పేరు రాసిపెట్టుకుంటాను కదా, దానిమీద అప్పటినుంచీ పెద్దమ్మ అని రాస్తున్నాను. అమ్మే రాయమంది.

ఈసారి గరాజులో కాస్త తేమ ఎక్కువై రెండు గుత్తులు కుళ్ళాయి, అదృష్టవశాత్తూ ఇది కాదు. నిన్న విడదీస్తే పదకొండు వచ్చాయి. రెండింటికి కన్ను లేదు. నాలుగు నాకుంచుకుంటాను. మిగిలిన ఐదింటిలో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నవారెవరికైనా కావాలంటే మే మొదటి వారంలోగా ఒక మాట చెప్పండి. నాటాక మొలక పైకి కనబడేదాకా నీళ్ళు మాత్రం పోయకండి, కుళ్ళిపోతుంది.