ఎర్ర మందుబిళ్ళలు

తెలుగు అధ్యాపకులు కంప్యూటరు ఆటను గురించి వ్యాసము వ్రాయుట పాఠక మిత్రులకు వింతగా తోచవచ్చును. గత వేసవి సెలవులలో మా విద్యార్థి ఒకడు, "సార్, ఇది ఆట కాదు, కథ. మీరు చదివినట్టే ఆడవచ్చును" అని పట్టుబట్టి మా చేత ఆడించినాడు. ఇషా నమాజు ముగించుకొని, దీపము ఆర్పకుండా, తొమ్మిది రాత్రులు ఆడినాము.

ఆట పేరు ‘ఫ్రాన్ బో’. స్వీడన్ దేశమునకు చెందిన కిల్‌మండే గేమ్స్ దీనిని 2015లో విడుదల చేసినది. సంస్థ అన్నామే గాని, దీని వెనుక ఉన్నది ప్రధానముగా నటాలియా, ఐజాక్ మార్టిన్‌సన్ అను దంపతులు. బొమ్మలన్నియు పిల్లల కథల పుస్తకములోని బొమ్మలవలె చేతితో గీసినవే. అందుచేతనే వానిలో నెత్తురు కనబడినప్పుడు గుండె మరింత జల్లుమంటుంది.

కథాకాలము 1944. ఫ్రాన్ పదేండ్ల పాప. తల్లిదండ్రుల ఘోరమరణము కన్నులారా చూచినది. మిగిలిన నేస్తము మిస్టర్ మిడ్‌నైట్ అను నల్లపిల్లి ఒక్కటే, అదియు దూరమైనది. పాపను ఆస్వాల్డ్ అను పిల్లల పిచ్చాసుపత్రిలో చేర్చినారు. అక్కడ డాక్టర్ డీర్న్ ఆమెకు డ్యూయోటీన్ అను ఎర్ర మందుబిళ్ళలు ఇస్తాడు. అవి మ్రింగగానే గది గదిగా ఉండదు. గోడల మీద రక్తము, మూలల యందు నల్లని ఆకారములు, అంతకుముందు లేని వ్రాతలు! డాక్టరు భయపడి ఆ మందు మాన్పిస్తాడు. పాప మాత్రము ఆ సీసాను మరల సంపాదించి, ఆసుపత్రి నుండి తప్పించుకొని, పిల్లిని, గ్రేస్ పిన్నిని చేరుకోవలెనని బయలుదేరుతుంది.

ఆడు పద్ధతి చాల సులభము. తెర మీద కనబడిన వస్తువును నొక్కవలెను, తీసికొనవలెను, మరియొక దానితో కలిపి చూడవలెను. వెంటబడి తరుముట దాదాపుగా లేదు. మరి భయమెక్కడిది? సినిమాలో భయము తనంతట తాను వస్తుంది. మనము కళ్ళు మూసికొన్నను కథ ముందుకు సాగుతుంది. ఇక్కడ సీసాను మన వ్రేలే నొక్కవలెను. నొక్కనిచో తలుపు తెరుచుకొనదు. మామూలు గదిలో దొరకని ఆధారము ఆ నెత్తుటి గదిలోనే ఉంటుంది. అక్కడ చూచినది ఇక్కడ పనికి వస్తుంది.

ఉర్దూ శాఖలోని మా మిత్రులకు ఇది కొత్త కాదు. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయము 1883 నుండి సంపుటములుగా వెలువరించిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ వంటి దాస్తానులలో, మాయాలోకమును ఛేదించు వీరునికి ‘లౌహ్’ అను పలక కావలెను. ఆ పలక దారి చెప్పునే గాని భయము తీసివేయదు. ఫ్రాన్ చేతిలోని సీసా అటువంటిదే. అయితే దాస్తానులో తిలిస్మ్ మాంత్రికులు కట్టినది. ఇది పాప దుఃఖము కట్టినది. అందుచేత దీనికి శత్రువును చంపుట అను ఉపాయము పనిచేయదు.

ఈ ఆట మమ్ము పట్టి ఉంచుటకు కారణము మా ఇంటిలో ఉన్నది. మాకు ఎనిమిదేండ్ల వయసులో మా ఫూఫీ భర్త హఠాత్తుగా మరణించినారు. ఇద్దత్ దినములలో, ప్రతి సాయంకాలము ఆయన పెరటి బావి దగ్గర నిలుచున్నారని ఫూఫీ చెప్పేది. డాక్టరు నిద్రకు మాత్రలు ఇచ్చినాడు, వేసుకొనేది. ఇంటిలో వారందరు, "ఎవరూ లేరమ్మా, పడుకో" అనేవారు. దాదీ ఒక్కతె ప్రక్కన కూర్చుండి, "అల్లుడుగారు ఏమంటున్నారు బేటీ?" అని అడిగినది. ఫూఫీ చాలసేపు ఊరకుండి, "కిరాణా కొట్టులో నూట నలభై బాకీ ఉన్నదట" అన్నది. చిన్నాన్న పోయి చూచినాడు. ఖాతా పుస్తకములో ఆ పద్దు ఉన్నది. మరణించినవాని అప్పు తీర్చకుండా ఉంచరాదని దాదీ ఆ రాత్రియే డబ్బు పంపించినది. ఫూఫీకి ఆ బాకీ సంగతి ముందే తెలిసియుండును. చెప్పుకొనుటకు ఆమెకు బావిగట్టు తప్ప చోటు దొరకలేదు. నయమైనదని చెప్పము. ఆ మరునాడు మాత్రము అన్నము అడిగి తిన్నది.

ఫ్రాన్ ఆ సీసాను మొదటిసారి మరల తెరచినప్పుడు మాకు దాదీ ప్రశ్నయే జ్ఞప్తికి వచ్చినది. ఈ ఆటలో పెద్దలు చాలమంది పాపకు మందులు, ఆజ్ఞలు ఇస్తారు. ఏమి కనబడుచున్నదని ఓపికతో అడుగువారు తక్కువ. ఆ పని ఆడువానికే మిగులుతుంది.

లోపములు లేకపోలేదు. మూడవ అధ్యాయములో పాప ఇథర్‌స్టా అను చెట్ల లోకములో పడుతుంది. అక్కడ మందుబిళ్ళలకు బదులు ఋతువులను మార్చు గడియారము ఉన్నది. వసంతము నుండి శిశిరమునకు ఒక్క నొక్కుతో పోవచ్చును. చూడ ముచ్చటగా ఉన్నది గాని, ఆసుపత్రి గదులలోని బిగువు అక్కడ సడలిపోయినది. అయిదవదైన చివరి అధ్యాయము మరీ తొందరపడినది. పాప చూచినది నిజమా, భ్రమయా అన్నది ఆట తేల్చి చెప్పదు. మా విద్యార్థికి ఇది కోపము తెప్పించినది, మాకు నచ్చినది. ఆ విషయమై ఇద్దరము ఇప్పటికిని వాదించుకొనుచునే ఉన్నాము.

ఇది పిల్లల బొమ్మలతో ఉన్నను పిల్లల ఆట కాదు. ఇంటిలోని చిన్నవారికి చూపరాదు. ఆడదలచిన డిగ్రీ విద్యార్థులు సంభాషణలను తొందరగా దాటవేయక, పాప చెప్పునది చివరివరకు చదువవలెను. గడియారము దగ్గర చిక్కుకొన్నవారు తెలుగు శాఖకు రావచ్చును. మేమును అక్కడ రెండు రాత్రులు చిక్కుకొన్నవారమే.